రాతికి దొరికిన దిక్కు తాటాకుకు దొరకలేదు

కోనసీమలో కొత్తపేట దగ్గరున్న పలివెల పేరు చెప్పగానే కొప్పులింగేశ్వరుడు గుర్తొస్తాడు. పూజారి తన ప్రియురాలు తురుముకున్న దండను స్వామికి వేయడం, అందులో వెంట్రుక చూసి ప్రభువు నిలదీయడం, స్వామికే కొప్పు ఉందని పూజారి బొంకడం, నమ్ముకున్నవాణ్ణి కాచడానికి శివుడు నిజంగానే కొప్పు పెంచుకోవడం. ఈ కథ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పుస్తకం అక్కర లేకుండానే తరం నుంచి తరానికి అందింది. అదే గుడిలో శాసనాలూ ఉన్నాయి. నోటి మాట ఒకటి, రాతి మీది రాత ఒకటి అయితే, మూడోది మరొకటుంది. అగ్రహారాల్లో, కరణాల ఇళ్ళల్లో, నాటువైద్యుల ఇళ్ళల్లో, జంగాల దగ్గర, యక్షగానం ఆడేవాళ్ళ దగ్గర మొదట తాటాకు మీద, తర్వాత కాగితం మీద బతికిన రాత అది. నోటి మాటను ఊరు కాచుకుంది. రాతి మీది రాతను సర్కారు చదివించింది. ఆకునూ కాగితాన్నీ చూసుకోవడం మాత్రం మన ప్రాంతంలో ఎవరి ఉద్యోగమూ కాలేదు. గోదావరి జిల్లాల విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అరుదైన గ్రంథాల కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథపాలకుడి పోస్టు ఏర్పాటు చేయాలని, ఆ పోస్టులో ఉన్నవారికి ఆ పని తప్ప మరో పని అప్పగించకూడదని నా వాదన.

రాతికి దిక్కు ఎలా దొరికిందో ముందు చూద్దాం. 1886లో మద్రాసు ప్రభుత్వం హుల్చ్ అనే జర్మన్ పండితుణ్ణి శాసనాల పరిశోధకుడిగా నియమించింది. ఆయన వెళ్ళిపోయాక ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోలేదు. వెంకయ్య, కృష్ణశాస్త్రి వంటి పండితులు ఒకరి తర్వాత ఒకరు అందులో కూర్చున్నారు. సిబ్బంది గుడి గుడికీ వెళ్ళి రాతిని కడిగి, తడి కాగితం అద్ది, మసి పూసి నకళ్ళు తీశారు. ఏ ఊళ్ళో ఏ రాయి చూశారో ఏటేటా నివేదికలో రాశారు. 1890లో ‘దక్షిణ భారత శాసనాలు’ మొదటి సంపుటం వచ్చింది. ద్రాక్షారామ భీమేశ్వరుని గుడి శాసనాలు 1923లో నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. ఈ రోజు ఒక డిగ్రీ విద్యార్థి వేంగి చాళుక్యుల గురించో కొండవీటి రెడ్ల గురించో నాలుగు నమ్మదగిన మాటలు రాయగలుగుతున్నాడంటే, వందేళ్ళ కింద జీతం తీసుకుని ఎండలో రాళ్ళు కడిగినవాళ్ళే కారణం. రాయి వెయ్యేళ్ళు నిలుస్తుంది, కాస్త ఆలస్యమైనా పెద్దగా పోయేది లేదు. అలాంటి రాతికి నూట నలభై ఏళ్ళ కిందటే ఉద్యోగి దొరికాడు. తేమలో ముప్పై ఏళ్ళు వదిలేస్తే పొడి అయిపోయే ఆకుకు ఇంకా దొరకలేదు. ఈ తలకిందుల లెక్క నాకు ఎంత ఆలోచించినా సమర్థించదగినదిగా తోచదు.

తాటాకు గ్రంథాలు ఇంతకాలం ఎలా నిలిచాయన్న ప్రశ్నలోనే ఇప్పుడు ఎందుకు పోతున్నాయన్నదానికి జవాబు ఉంది. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న నేల ఇది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను ఈ ప్రాంతం మరచిపోలేనివి. ఇలాంటి చోట ఏ తాటాకూ ఎల్లకాలం నిలవదు. నిలిచింది ఆకు కాదు, తిరిగి రాసుకునే అలవాటు. ప్రతి రెండు మూడు తరాలకు ఒకసారి ఎవరో ఒకరు కొత్త ఆకులు కోయించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, గంటం పట్టి పాతదాన్ని చూసి రాసుకునేవారు. ఆ నకలే ఆనాటి సంరక్షణ. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చు యంత్రం వచ్చింది. అచ్చులో దొరికే పుస్తకాన్ని మళ్ళీ రాసుకోవలసిన పని ఎవరికుంటుంది? రాసే అలవాటు మొత్తంగా పోయింది. కానీ అచ్చుకు ఎక్కింది కొన్ని గ్రంథాలే. మిగిలినవాటికి ఇటు అచ్చూ లేదు, అటు నకలూ లేదు. గంటం పట్టిన ఆఖరి చెయ్యి ఎప్పుడు ఆగిందో అప్పటినుంచి వాటి ఆయువు తరగడం మొదలైంది. ఆ ఆఖరి ప్రతులే ఇప్పుడు అటకల మీద ఎర్రగుడ్డ మూటల్లో ఉన్నాయి.

ఆ మూటలు నిర్లక్ష్యం వల్లే పోతున్నాయనుకుంటే పొరపాటు. చాలా ఇళ్ళల్లో అవి భక్తి వల్ల పోయాయి. తాతగారు చదివిన గ్రంథం, మనకు చదవడం రాదు, పూజ లేకుండా ఇంట్లో ఉంచితే దోషం, పారేస్తే ఇంకా పెద్ద దోషం. అలాంటప్పుడు పసుపు కుంకుమ పెట్టి గోదావరిలో కలపడమే గౌరవమని తోచింది. తెలుగునాట నదీతీరమంతటా జరిగిన సంగతే ఇది. ఆ కుటుంబాలను తప్పుపట్టడం అన్యాయం. చదివి ఇదేమిటో చెప్పేవారు, ఇది మీ దగ్గరే ఉండనివ్వండి, ఇలా కాపాడండి అని ధైర్యం చెప్పేవారు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. నది తప్ప మరో చిరునామా వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

ప్రయత్నాలు అసలు జరగలేదని కాదు. కాలిన్ మెకంజీ తన సర్వే ఉద్యోగం చేసుకుంటూ కావలి సోదరుల సాయంతో ఊరూరి కైఫియత్తులు రాయించాడు. సి.పి. బ్రౌన్ తన జీతం రాళ్ళు ఖర్చుపెట్టి రెండు వేలకు పైగా సంస్కృతాంధ్ర ప్రతులు సేకరించాడు. పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి చూపించాడు. ఈ సేకరణలన్నీ చేరి 1869లో మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అయింది. మన నేల మీదనుంచి వచ్చినవారిలో జయంతి రామయ్య పంతులుగారిని తలుచుకోవాలి. కోటిపల్లి రేవుకు అవతలి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరంలో పుట్టినవారాయన. 1911లో ఆయన చొరవతో మద్రాసులో మొదలై తర్వాత కాకినాడకు తరలిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తాళపత్రాలు సేకరించింది, సూర్యరాయాంధ్ర నిఘంటువు పని నెత్తికెత్తుకుంది. వ్యావహారిక భాష విషయంలో ఆయన పట్టిన పక్షం తప్పని నేను నమ్ముతాను. పాత ప్రతుల విషయంలో ఆయన చూపిన శ్రద్ధకు మాత్రం చేతులెత్తి మొక్కాలి. ఇక విశ్వవిద్యాలయాల సంగతి. తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థ 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి తాళపత్రాలున్నాయి. ఇవన్నీ విలువైనవే. అయితే పలివెలలో ఒక ఇంటి అటక మీద మూట దొరికితే, ఆ ఇంటివాళ్ళు తిరుపతికో హైదరాబాదుకో ఫోను చేస్తారా? చెయ్యరు. కాకినాడలో పరిషత్తు పేరుతో ఉన్నది ప్రదర్శనశాల. అద్దాల వెనక పెట్టి చూపడం వేరు, చదివి వివరం రాసి అడిగినవారికి చేతికివ్వడం వేరు. మన దగ్గర లేనిది ఆ రెండో పని.

ఆ పని ఏమిటో తెలియకపోవడం వల్లే చాలామందికి దాని అవసరం కనపడదు. అరుదైన గ్రంథాల పాలకుడంటే తాళాలగుత్తి పట్టుకుని బీరువా దగ్గర కూర్చునే మనిషని మనవాళ్ళ ఊహ. నిజానికి ఆ ఉద్యోగంలో మొదటి పని చదవడం. పాత తాటాకులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, పద్యం పాదం చివర ఆగదు. వలపలగిలక, శకటరేఫ, పాత అంకెలు, లేఖకుడి సొంత గుర్తులు తెలియాలి. ఒకే మూటలో నాలుగు గ్రంథాలు కలిసి ఉంటాయి. పై పలక మీద ‘భారతం’ అని రాసి ఉంటే లోపల మధ్యలో పన్నెండు ఆకులు వైద్యం, చివర రెండాకులు ఎవరో అప్పు లెక్క ఉండవచ్చు. చివర లేఖకుడు తన పేరూ, రాసిన సంవత్సరం పేరూ చెప్పుకుంటాడు. ఆ సంవత్సరం ‘ప్లవ’ అని ఉందనుకోండి. అది 1961 కావచ్చు, 1901 కావచ్చు, 1841 కావచ్చు, అంతకు ముందరిదీ కావచ్చు. పక్కనున్న మాసం, తిథి, వారం పంచాంగ గణితంతో సరిచూసి, అక్షరాల తీరు చూసి, ఏ ప్లవో తేల్చాలి. ఇదంతా చేశాక మూడు వాక్యాల వివరం తయారవుతుంది. ఆ మూడు వాక్యాలు లేకపోతే ఆ గ్రంథం ఉన్నా లేనట్టే.

ఈ మాట అతిశయోక్తి అనిపిస్తే నన్నెచోడుణ్ణి గుర్తుచేసుకోండి. ‘కుమారసంభవం’ తంజావూరు సరస్వతీ మహలులో ఉంది. భద్రంగానే ఉంది. కానీ అది ఎవరిదో, ఎలాంటిదో గుర్తించిన మానవల్లి రామకృష్ణకవి 1909లో అచ్చువేసేదాకా తెలుగు సాహిత్య చరిత్రలో ఆ కవికి చోటు లేదు. ఆయన కాలం గురించి అప్పటినుంచి నడిచిన వాదాలు వేరే సంగతి. భద్రపరచడం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. కట్టడం ఉంది, బీరువా ఉంది, ఆకూ ఉంది. చదివే మనిషి వచ్చాకే కవి బయటికి వచ్చాడు.

ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ చరిత్ర మరో కోణం చూపిస్తుంది. బ్రౌను దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసు 1887లో దాన్ని అచ్చువేయించాడు. కవయిత్రి తన గురించీ తన వంశం గురించీ చెప్పుకున్న పీఠికనూ, కొన్ని శృంగార పద్యాలనూ అందులోంచి తీసేశాడు. చదివినవారికి అవి లేవన్న సంగతే తెలియదు. బెంగుళూరు నాగరత్నమ్మ మూల ప్రతి సంపాదించి, అచ్చు ప్రతితో పోల్చి, ఏవి పోయాయో పట్టుకున్నారు. 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠం ప్రచురించారు. మరుసటి ఏడాదే బ్రిటిషు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి హయాంలో నిషేధం తొలగి, 1952లో మళ్ళీ అచ్చయింది. ఈ కథలో ఆడవారి గొంతు నొక్కిన సంగతి అందరూ చెబుతారు, చెప్పాలి కూడా. దానితోపాటు గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఒకే పేరుతో ఉన్న రెండు పుస్తకాలు ఒకటి కావు. ఏ ముద్రణ, ఎవరు పరిష్కరించింది, ఏ ముద్రాక్షరశాల, ఎన్ని పుటలు, ఏవి చిరిగాయి, ఏవి కోసేశారు అని నమోదు చేసేవారుంటేనే ఇలాంటి కత్తిరింపు బయటపడుతుంది. మామూలు గ్రంథాలయంలో ‘ఈ పుస్తకం మా దగ్గర ఇంకో కాపీ ఉంది’ అని ఒకదాన్ని చిత్తు కాగితాలకు వేసేస్తారు. అరుదైన గ్రంథాల పాలకుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. అరుదైనదంటే పాతదని అర్థం కాదు. పాత తాటాకు భారతాలు చాలాచోట్ల దొరుకుతాయి. 1921 నాటి ముప్పై పేజీల పాటల పుస్తకం ఒక్కటి కూడా దొరకకపోవచ్చు. రాజమహేంద్రవరంలో కుసుమ ధర్మన్న గరిమెళ్ళ పాటకు జవాబుగా ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారు. కోనసీమలో మామిడికుదురు నుంచి బోయి భీమన్న వచ్చారు. ఆ కాలపు ఆది ఆంధ్ర సభల కరపత్రాలు, కుల సంఘాల పత్రికలు, బుర్రకథ చిన్న పుస్తకాలు, తిరునాళ్ళలో అణాకు అమ్మిన పాటల పుస్తకాలు చవక కాగితం మీద అచ్చయ్యాయి. కాగితంలోని ఆమ్లమే వాటిని తినేస్తోంది. ముట్టుకుంటే అప్పడంలా విరుగుతాయి. వాటికి అట్ట కట్టించినవారు లేరు, పూజ చేసినవారు అంతకన్నా లేరు. తాళపత్రాల మీద ఖర్చు పెట్టడమంటే కొన్ని కులాల వారసత్వానికే సేవ చేయడం అని ఒక విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజముంది, తోసిపారేయలేం. చదువు కొందరికే దక్కిన కాలంలో రాసినవాటిలో ఆ అసమానత కనిపించకుండా ఎలా ఉంటుంది? దానికి విరుగుడు ఉన్నవాటిని పోనివ్వడంలో లేదు. ఎవరి గొంతు బీరువాల్లోకి చేరలేదో వెతికి తెచ్చే పనిని ఈ ఉద్యోగంలో మొదటి బాధ్యతగా రాసిపెట్టాలి. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో అది మొదటి బాధ్యత కాకపోతే ఇంకెక్కడ అవుతుంది?

అచ్చు పుస్తకాల విషయంలో చట్టం కూడా మన పక్షాన లేదు. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకూ పంపాలి. ఆ నాలుగింటిలో ఒక్కటీ తెలుగు రాష్ట్రాల్లో లేదు. 1962 నుంచి అమెరికా ప్రభుత్వం పీఎల్ 480 పథకం కింద భారతీయ భాషల పుస్తకాలు కొని తన విశ్వవిద్యాలయాలకు పంచింది. అక్కడ వాటిని వివరంగా జాబితా చేసి పెట్టారు. బ్రిటిషు మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ తయారుచేసిన సూచీ 1912లోనే అచ్చయింది. ఈ కారణంగా, రాజమహేంద్రవరంలో అచ్చయిన పుస్తకం కోసం మన పరిశోధక విద్యార్థి లండన్ సూచీ తిరగేయవలసి వస్తుంది. వాళ్ళ దగ్గర డబ్బుంది గనుక అనేస్తే సరిపోదు. వాళ్ళ దగ్గర ఆ పనికి మనుషులున్నారు. జాబితా రాయడాన్ని వాళ్ళు పరిశోధనగా లెక్కగట్టారు, మనం గుమాస్తా పనిగా లెక్కగట్టాం.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న నాకు తెలుసు. అన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెడితే పోదా, మనిషెందుకు? స్కానింగ్ కావాలి, త్వరగా కావాలి. కానీ మన అనుభవం ఏం చెబుతోంది? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ఈ శతాబ్ది మొదట్లో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. మేలు జరిగింది, సందేహం లేదు. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కోదానికి ఒక్కో రకం స్పెల్లింగుతో ఎక్కాయి. రచయిత పేరు చోట ప్రచురణకర్త పేరు, పుస్తకం పేరు చోట మాల పేరు చేరాయి. కొన్నిటికి పేజీలు లేవు. పుస్తకం ఉంది, వెతికితే రాదు. తెలుగు వికీపీడియా ఔత్సాహికులు జీతం లేకుండా కూర్చుని ఆ జాబితాలను తెలుగు లిపిలోకి మార్చి సరిచేసే పని భుజాన వేసుకోవలసి వచ్చింది. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటే మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కొందరు ముందుగా ఎక్కించి ఉంచడం వల్ల ఆ పుస్తకాలు మనకు మిగిలాయి. స్కానరు బొమ్మ తీస్తుంది, తాను తీస్తున్నది ఏమిటో దానికి తెలియదు. ఏ ప్రతిని తీయాలి, ఏది ముందు తీయాలి, అట్ట విరగకుండా ఎంత మేరకు తెరవాలి, తీసినదానికి ఏం పేరు పెట్టాలి, పదేళ్ళ తర్వాత ఆ ఫైలు ఎక్కడ ఉండాలి అన్నవన్నీ మనిషి తేల్చవలసినవి. చదవగలిగిన మనిషిని ముందు పెట్టి యంత్రాన్ని తర్వాత కొనాలి. మనం ప్రతిసారీ యంత్రాన్ని ముందు కొంటున్నాం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఊళ్ళల్లోని గ్రంథాలు ఊళ్ళల్లో ఉండాలి, వాటిని విశ్వవిద్యాలయానికి తరలించడం మెకంజీ, బ్రౌను చేసినదానికి కొనసాగింపే అంటారు కొందరు. వాళ్ళు తీసుకెళ్ళినవి మద్రాసుకూ లండనుకూ చేరాయి, ఇచ్చిన కుటుంబాల మనవలకు చూసే వీలు లేకుండా పోయింది. ఇది న్యాయమైన బాధ. పైగా ఊళ్ళు కాపాడుకోలేవన్నది కూడా నిజం కాదు. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ భవన శంకుస్థాపన చేశారు. ఊరివాళ్ళు నిలబెట్టుకున్న ఆ గ్రంథాలయంలో పాత పత్రికల కోసం ఈనాటికీ పరిశోధకులు వెళ్తారు. రాజమహేంద్రవరంలో వడ్డాది సుబ్బారాయుడి వసురాయ గ్రంథాలయం, కొక్కొండ వెంకటరత్నం పంతులు రత్నకవి గ్రంథాలయం కలిసి, నాళం కృష్ణారావుగారి పూనికతో గౌతమీ గ్రంథాలయమయ్యాయి. పూనుకుంటే మనవాళ్ళు ఎంత పని చేయగలరో అయ్యంకి వెంకటరమణయ్య నడిపిన గ్రంథాలయోద్యమం చూపించింది. కాబట్టి నేను అడుగుతున్న ఉద్యోగి తరలించేవాడు కాకూడదు. ఆయన లేక ఆమె ఇంటికి వెళ్ళి, అక్కడే కూర్చుని మూట విప్పి, ఆకులు లెక్కపెట్టి, వివరం రాసి, ఫోటో తీసి, ఆ ఫోటోల ప్రతి ఇంటివారికే ఇచ్చి, మూట మళ్ళీ కట్టి ఇవ్వాలి. ఇంట్లో ఉంచలేమన్నవారు అప్పగిస్తే, యాజమాన్యం వాళ్ళ పేరునే ఉండేలా కాగితం రాసుకోవాలి. ఎప్పుడు చూడాలన్నా వాళ్ళకు తలుపు తెరిచి ఉండాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలతో కలిసి పనిచేయాలి. బ్రౌనుకు, ఈ ఉద్యోగికి తేడా అక్కడే ఉంటుంది.

మూడోది డబ్బు. పాఠం చెప్పే అధ్యాపకుల ఖాళీలే నిండని విశ్వవిద్యాలయాల్లో పాత పుస్తకాలకు పోస్టు అడగడం విలాసం కాదా? అధ్యాపకుల ఖాళీలు నింపడం ముందు జరగవలసిన పనే, అందులో నాకు వేరే మాట లేదు. అయితే నేను అడుగుతున్నది ఒక శాఖను కాదు, ఒక మనిషిని. సహాయ గ్రంథపాలకుడి మూల వేతనం నెలకు 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఒక విశ్వవిద్యాలయం తన ప్రాంతపు జ్ఞాపకాన్ని కాచుకోవడానికి ఇది మోయలేని బరువు కాదు. యూజీసీ 2018 నిబంధనలు గ్రంథపాలకుడి అర్హతల్లో గ్రంథాలయ శాస్త్రంతో సమానంగా పురాలేఖ, లిఖిత గ్రంథ నిర్వహణలో డాక్టరేటును కూడా అంగీకరించాయి. చదువును గుర్తించిన నిబంధన ఆ చదువుకు తగ్గ కుర్చీని మాత్రం చెప్పలేదు. సహాయ గ్రంథపాలకుడు, ఉప గ్రంథపాలకుడు, గ్రంథపాలకుడు అన్న మూడు మెట్లే అందులో ఉన్నాయి. ఆ ఖాళీని విశ్వవిద్యాలయ పాలకమండలే పూరించవచ్చు.

కేంద్రం నుంచి పథకాలు వస్తూనే ఉన్నాయి కదా అని కూడా అంటారు. 2003లో జాతీయ లిఖిత గ్రంథాల మిషన్ వచ్చింది. 2025 బడ్జెట్లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు, కోటికి పైగా ప్రతులను సర్వే చేసి కాపాడతామన్నారు. మంచిదే. కానీ పథకం కాలపరిమితితో వస్తుంది. సర్వే చేసే కుర్రవాళ్ళను ఆరు నెలల ఒప్పందం మీద తీసుకుంటే, వాళ్ళు పాత లిపి చదవడం నేర్చుకునేసరికి ఒప్పందం ముగిసిపోతుంది. శాసనాల విషయంలో ఫలితం వచ్చింది హుల్చ్ మేధావి కావడం వల్ల మాత్రమే కాదు, ఆయన కుర్చీ శాశ్వతం కావడం వల్ల. ఒకరు నేర్చినది తర్వాతివారికి అందింది. పథకం డబ్బు వచ్చినప్పుడు దాన్ని సద్వినియోగం చేయడానికైనా స్థానికంగా ఒక శాశ్వత ఉద్యోగి ఉండి తీరాలి.

ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో రాజమహేంద్రవరంలో ఏర్పడింది. రాజరాజ నరేంద్రుడి కొలువులో భారతం తెనిగించిన కవి పేరు అది. ఆ భారతం మనదాకా వచ్చింది ఎనిమిది వందల ఏళ్ళ పాటు పేరు తెలియని లేఖకులు ఆకు మీద ఆకు తిరగరాయడం వల్ల. ఆ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయమే ఈ పోస్టు మొదట సృష్టించాలి. సంస్కృతాంధ్రాలు, పాత లిపి, గ్రంథాలయ శాస్త్రం మూడూ తెలిసినవారు దొరకడం కష్టమన్న మాట నిజమే. దొరకకపోతే తెలుగు ఎం.ఏ. చేసిన చురుకైనవారిని తీసుకుని రెండేళ్ళు తిరుపతికో చెన్నైకో శిక్షణకు పంపాలి. నేర్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. పదేళ్ళు ఆగితే వారూ ఉండరు.

అంతవరకు కోనసీమలో అటక మీద మూట ఉన్న ప్రతి ఇంటివారికీ ఒక విన్నపం. తాటాకును తడిబట్టతో తుడవకండి, ఎండలో పెట్టకండి. చిరిగిన పాత పుస్తకానికి సెల్లోటేపు అంటించకండి, కాలం గడిచాక దాని జిగురే కాగితాన్ని మచ్చపెట్టి కొరికేస్తుంది. పురుగు పట్టకుండా వసకొమ్ము వేసి, పొడి నూలుబట్టలో చుట్టి, నేల తగలకుండా గాలి తగిలే చోట ఉంచండి. మూటలోని ఆకుల వరస మార్చకండి. ఇంట్లో పెద్దవారు దాని గురించి చెప్పిన నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. చదవడం రాదని గోదావరిలో మాత్రం కలపకండి.